దెబ్బ ఏ ఎముకతో, ఏ దారిలో? గుద్దులు, తన్నుల సమగ్ర మార్గదర్శి

కరాటేలో చేరిన మొదటి నెలలోనే సైకెన్ (పిడికిలి కణుపులు), షుతో (చేతి అంచు), ఎంపి (మోచేయి), మావాషి గెరి (పక్కనుంచి వంపుగా వేసే తన్ను) అని పేర్లన్నీ నోటికి వచ్చేస్తాయి. దెబ్బ మాత్రం అంత తొందరగా రాదు. గాలిలో చక్కగా వెళ్లిన గుద్దు పంచింగ్ బ్యాగ్ మీద పడగానే మణికట్టు మడతపడుతుంది. అద్దంలో బాగున్న తన్ను ప్యాడ్‌కి తగిలితే మర్నాటికి పాదం వాస్తుంది. బలం చాలట్లేదనుకుని పుషప్స్ పెంచేవాళ్లే ఎక్కువ. చూసుకోవాల్సింది వేరే ఉంది: దేహంలో ఏ భాగంతో కొడుతున్నాం, ఆ భాగం ఏ దారిలో వస్తోంది.

ఈ రెండింటినీ విడదీసి నేర్పడమే చాలా క్లాసుల్లో జరిగే పొరపాటు. రోకలి నిట్టనిలువుగా పడితేనే దంచుతుంది. పక్కకు వాలి పడితే రోటి అంచుకి తగిలి చెయ్యి అదురుతుంది. రోకలి అదే, చెయ్యీ అదే, దారే తప్పింది. ఎముక కూడా అంతే. ఏ దిశలో ఒత్తిడి పడితే అది ఓర్చుకుంటుందో, తగిలే క్షణానికి ఆ దిశలోనే కదులుతూ ఉండాలి. గుద్దు ఎక్కడ మొదలైంది, ఎంత వంపు తిరిగింది అన్నవి తర్వాతి సంగతులు. చివరి జానెడు దూరంలో ఏం జరిగిందన్నదే దెబ్బను తేలుస్తుంది. కింద చెప్పేదంతా ఆ జానెడు గురించే.

ముందు కాస్త లెక్క

మూడు లెక్కలు చాలు.

ఒకటి, వైశాల్యం. అదే బలం 16 చదరపు సెంటీమీటర్ల మీద కాకుండా 4 చదరపు సెంటీమీటర్ల మీద పడితే ఒత్తిడి నాలుగింతలవుతుంది. అరచేత్తో కొడితే చురుక్కుమనేది, రెండు కణుపులతో కొడితే లోపలికి దిగేది ఇందుకే. అయితే ఆ నాలుగింతలూ మీ ఎముక మీద కూడా పడతాయి. కొట్టేది చిన్నదైనకొద్దీ గురి, అమరిక పక్కాగా ఉండాలి.

రెండు, కోణం. లక్ష్యానికి లంబంగా తగలాల్సిన గుద్దు 30 డిగ్రీలు వాలి తగిలిందనుకోండి. లోపలికి నెట్టే బలంలో సుమారు 87 శాతం ఇంకా మిగిలే ఉంటుంది, పోయింది పదమూడే. ‘పర్లేదు, గట్టిగానే తగిలింది’ అనిపించేది అందుకే. కానీ మొత్తం బలంలో సగం పక్కకు జారే దిశలో పనిచేస్తుంది. చర్మం ఊడేది, మణికట్టు మెలిపడేది ఆ సగంతోనే. 45 డిగ్రీలకు వస్తే నెట్టేదీ జారేదీ సమానం.

మూడు, వ్యాసార్ధం. వంపు దారిలో తిరిగేదానికి కేంద్రం నుంచి ఎంత దూరముంటే అంత వేగం. మోచేయి దగ్గర తిరిగే ముంజేతి కంటే భుజం దగ్గర తిరిగే చేయి పొడవు రెట్టింపు. ఒకే తిప్పుడుకి పిడికిలి వేగం కూడా రెట్టింపు. అలాగని చిట్టచివరి కొసతో కొట్టడం మంచిది కాదు. క్రికెట్ ఆడినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. బంతి మిడిల్ అయితే చేతికి తెలియనే తెలియదు, బ్యాట్ కొసకి తగిలితే చేతులు జివ్వుమంటాయి. కర్రసాములోనూ ఇదే సూత్రం. అంతటా ఒకే మందమున్న 5 అడుగుల కర్రని ఒక చివర పట్టుకుని తిప్పితే, పట్టు నుంచి మూడింట రెండు వంతుల దూరంలో, అంటే సుమారు 40 అంగుళాల దగ్గర తగిలినప్పుడు పట్టుకున్న చేతికి అదురు దాదాపు రాదు. షిన్ కిక్‌లో పాదం కొస కాకుండా ముంగాలితో, అంటే మోకాలి కింది ముందు ఎముకతో, కొట్టమనడం వెనక కూడా కొంత ఇదే ఉంది.

మొదటి మెట్టు: మీ ఎముకల్ని మీరే తడిమి చూసుకోండి

చేయి టేబుల్ మీద పెట్టండి. రెండో చేత్తో చిటికెన వేలి కణుపు పట్టుకుని పైకీ కిందికీ ఆడించండి. బాగానే కదులుతుంది. ఉంగరపు వేలిది కాస్త తక్కువ కదులుతుంది. ఇప్పుడు మధ్య వేలు, చూపుడు వేలు కణుపుల్ని ఆడించి చూడండి. దాదాపు కదలవు. అరచేతిలో ఈ రెండు వేళ్ల ఎముకలు మణికట్టు ఎముకలకి బిగుసుకుని ఉంటాయి, పైగా ముంజేతిలో బొటనవేలి వైపున్న పెద్ద ఎముకతో ఒకే వరసలోకి వస్తాయి. చిటికెన వేలి ఎముక మాత్రం పట్టుకోవడానికి, దొప్ప పట్టడానికి వీలుగా వదులుగా ఉంటుంది. దానితో గోడనో తలనో గుద్దినప్పుడు కణుపు వెనకాల మెడలాంటి చోట విరుగుతుంది. బాక్సర్ ఫ్రాక్చర్ అని దానికి పేరు. నేర్చుకున్న బాక్సర్లకంటే కోపంలో గుద్దినవాళ్లకే అది ఎక్కువగా వస్తుంది.

పిడికిలి కట్టడం ఇలా:

1. నాలుగు వేళ్ల చివరి కణుపుల్ని ముందు మడవండి. వేళ్ల కొసలు అరచేతి మొదట్లో ఆనాలి.
2. చిటికెన వేలి నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటీ లోపలికి చుట్టండి. మధ్యలో బోలు ఉండకూడదు.
3. బొటనవేలిని చూపుడు, మధ్య వేళ్ల మీదుగా అడ్డంగా వేయండి. లోపల దాచొద్దు, పక్కకి పొడుచుకునేలా వదలొద్దు.
4. ముంజేతి పైభాగం, చేతి వెనకభాగం ఒకే చదునులో ఉండాలి. ఒక స్కేలు పెడితే ఆ రెంటికీ ఆనాలి.

ఇప్పుడు గోడ పరీక్ష. మడిచిన తువ్వాలుని భుజం ఎత్తులో గోడకి పెట్టి, మొదటి రెండు కణుపులు ఆనించి, ఒంటి బరువు మెల్లగా వాల్చండి. 10 సెకన్లు. మణికట్టు వణికినా, ఎటైనా వంగినా ఇంకా బ్యాగ్ దగ్గరికి వెళ్లే సమయం రాలేదన్నమాట. వాల్చినప్పుడు నిలవని చేయి వేగంగా తగిలినప్పుడు అసలు నిలవదు. రోజుకి రెండు చేతులతో ఐదేసి సార్లు చేస్తే రెండు మూడు వారాల్లో తేడా తెలుస్తుంది.

ఇక్కడొక మాట. వింగ్ చున్ అనే చైనా యుద్ధకళ చూసినవాళ్లు ‘వాళ్లు కింది మూడు కణుపులతో కొడతారు కదా, అది తప్పా?’ అని అడుగుతారు. తప్పు కాదు, దారి వేరు. అక్కడ మోచేయి కిందికి, ఛాతీ మధ్య గీత మీదకి వస్తుంది. పిడికిలి నిలువుగా ఉంటుంది. ముంజేయి కింది నుంచి కొద్దిగా పైకి ఏటవాలుగా లేస్తుంది కాబట్టి కింది కణుపులే ముందు తగులుతాయి. కరాటే ఓయి త్సుకిలోనో (అడుగేస్తూ వేసే నేరు గుద్దు) బాక్సింగ్ స్ట్రెయిట్‌లోనో వాటితో కొట్టబోతే మణికట్టు వంగాల్సి వస్తుంది. ఒక పద్ధతిలోని పిడికిలిని తెచ్చి ఇంకో పద్ధతిలోని దారికి అతికించడం వల్ల వచ్చే గాయాలు తక్కువేం కావు.

రెండో మెట్టు: నేరు దారి

నేరు గుద్దులో పిడికిలి బల్లెం మొనలా వెళ్తుంది. మోచేయి దాని వెనకే అదే గీత మీద ఉండాలి. తప్పంతా ఇక్కడే జరుగుతుంది: గుద్దు మొదలవ్వగానే మోచేయి కోడి రెక్కలా బయటికి లేస్తుంది. అప్పుడు పిడికిలి నేరుగా వెళ్తున్నట్టే కనిపించినా, వెనకనుంచి నెట్టే దన్ను ఏటవాలుగా వస్తుంది. తగలగానే మణికట్టు లోపలికి మడతపడుతుంది.

దిద్దుకోవడానికి గోడ పక్కన నిలబడండి. గుద్దే చేతివైపు భుజానికీ గోడకీ మధ్య ఒక బెత్తెడు ఖాళీ ఉంచి మెల్లగా గుద్దండి. మోచేయి గోడకి రాసుకుంటే రెక్క లేచినట్టే. ఒక్కో చేతికి 20 చొప్పున రోజూ చేయండి. వేగం అక్కర్లేదు.

పిడికిలి ఎప్పుడు తిప్పాలన్నది రెండో చిక్కు. కరాటేలో అరచేయి పైకి ఉన్న పిడికిలి నడుం దగ్గర బయల్దేరి, అరచేయి కిందికి తిరిగి ముగుస్తుంది. దారి సగంలోనే తిప్పేస్తే మోచేయి దానంతటదే బయటికి లేస్తుంది. మోచేయి పక్కటెముకల్ని దాటేదాకా తిప్పకండి. చివరి జానెడులో తిప్పండి. తగిలిన తర్వాత కూడా తిరుగుతూ ఉంటే చర్మం చిట్లుతుంది, కాబట్టి తగిలేసరికి ముగియాలి.

దూరం సంగతి. చేయి పూర్తిగా చాచుకునేసరికి పిడికిలి వేగం సున్నాకి వచ్చేస్తుంది. మోచేయి ఇంకా కొద్దిగా వంగి ఉండగా, ముందుకు వెళ్లడానికి బెత్తెడు దూరం మిగిలుండగా తగలాలి. బ్యాగ్ పైతోలుని కాకుండా దాని లోపల బెత్తెడు లోతులో ఉన్న చోటుని గురిపెట్టమనేది అందుకే. చేయి పూర్తిగా చాచిన చోట తగిలేలా నిలబడి రోజూ కొట్టేవాళ్లకి కొన్నాళ్లకి మోచేయి వెనకాల నొప్పి మొదలవుతుంది.

ఇదే నేరు దారికి అరచేతి అడుగు, అంటే తీషో, కూడా సరిపోతుంది. మణికట్టు వెనక్కి మడిచి, వేళ్లు కొద్దిగా వంచి, అరచేయి మణికట్టుని కలిసే గట్టి దిండుతో కొట్టాలి. విరగడానికి పొడుగు ఎముకలేవీ ఎదురుగా ఉండవు కాబట్టి గ్లవ్స్ లేకుండా దవడనో నుదుటినో కొట్టాల్సివస్తే పిడికిలి కంటే ఇదే మేలని మా అభిప్రాయం. నష్టమల్లా రెండంగుళాల దూరం తగ్గడం, మణికట్టు వెనక్కి వంగడంలో బిగుసుకున్నవాళ్లకి ఇది కుదరకపోవడం.

మూడో మెట్టు: వంపు దారి, హుక్ దగ్గర ఆగి చూడండి

దారి మారితే కొట్టే భాగం ఎలా మారిపోతుందో హుక్‌లో, అంటే మోచేయి వంచి పక్కనుంచి వేసే గుద్దులో, తెలిసినంత బాగా ఇంకెక్కడా తెలియదు. అందుకే దీనికి కాస్త టైం ఇవ్వండి.

ఎడమ మోచేయి 90 డిగ్రీలు వంచండి. పై చేయి ముందుకి, ముంజేయి ఛాతీకి అడ్డంగా కుడివైపుకి. ఇప్పుడు చేయి కదపకుండా నడుము, భుజాలు మాత్రం కుడికి తిప్పండి. పిడికిలి కుడికి కదులుతుంది. ముంజేయి కూడా కుడికే చూస్తోంది. అంటే ఎముక చూస్తున్న దిశ, అది కదులుతున్న దిశ ఒకటే. కణుపులు నేరుగా తగులుతాయి, మోచేయి వెనకనుంచి దన్ను ఇస్తుంది. వంపు దారిలో వచ్చినా తగిలే క్షణానికి అది నేరు గుద్దే.

ఇప్పుడు అదే చేతిని 150 డిగ్రీల దాకా చాచి మళ్లీ తిప్పండి. పిడికిలి కుడికే కదులుతుంది, కానీ ముంజేయి ముందుకి చూస్తోంది. తగిలేది కణుపులు కాదు, పిడికిలి లోపలి పక్క, బొటనవేలి మొదలు. మోచేయి పక్కకి లాగబడుతుంది. ‘హుక్ కొడితే బొటనవేలు నొప్పి’ అనేవాళ్లందరి కథా ఇదే. ప్రత్యర్థి దూరంగా ఉన్నాడని చేయి చాచారు, కొట్టే భాగం చేతికి తెలియకుండానే మారిపోయింది.

దిద్దుకోవడం సులువే. దూరం పెరిగితే హుక్ సాగదీయొద్దు. ఒక అడుగు లోపలికి వేయండి, లేదా నేరు గుద్దుకి మారండి. పిడికిలి నిలువుగా ఉండాలా, అడ్డంగా ఉండాలా అని గంటలకొద్దీ వాదించుకుంటారు. దగ్గర దూరానికి, పొట్టకి నిలువు హాయిగా ఉంటుంది. మోచేయి భుజం ఎత్తుకి లేస్తే అడ్డం కుదురుతుంది. రెండూ సరైనవే, పిడికిలి వెళ్లే గీత మీద మోచేయి ఉన్నంతవరకూ.

చాచిన చేయి వంపుగా తిరిగే ఆ దారి మాత్రం పనికిరానిదేం కాదు. దానికి తగిన భాగం కరాటేలో వేరే ఉంది: హైతో. బొటనవేలిని అరచేతిలోకి మడిచేసి, చూపుడు వేలి మొదట్లో ఉన్న అంచుతో కొట్టడం. అదే దారి, అదే దూరం, కణత మీదకో మెడ పక్కకో. బొటనవేలు సరిగ్గా మడవకపోతే హైతో కూడా సాగదీసిన హుక్‌లాగే మిగులుతుంది.

చేతి అంచులో అవతలి వైపు షుతో. చిటికెన వేలి మొదలుకీ మణికట్టుకీ మధ్య ఉన్న కండతోనే కొట్టాలి, చిటికెన వేలితో కాదు. దీనికి రెండు దారులు. బయటి నుంచి లోపలికి వస్తే అరచేయి పైకి చూస్తూ ముగుస్తుంది. ఎదుటి భుజం మీదుగా లోపల నుంచి బయటికి వెళ్తే అరచేయి కిందికి చూస్తూ ముగుస్తుంది. చివరి జానెడులో మణికట్టు తిప్పేది అందం కోసం కాదు, దారి ఏదైనా అదే కండ ముందుకి రావడానికి. తిప్పడం ఆలస్యమైతే రెండో దారిలో చేతి వెనకభాగం తగులుతుంది. అక్కడ సన్నటి ఎముకల మీద కండే ఉండదు.

ఉరాకెన్‌దీ అదే చిక్కు. మోచేయి కీలు మీద కొరడాలా విసిరే దెబ్బ ఇది, తగలాల్సింది మొదటి రెండు కణుపుల వెనకభాగం. వేగం చాలా, దన్ను తక్కువ. గుండ్రంగా తిరిగి వేసే స్పిన్నింగ్ ఉరాకెన్‌లో దూరం తప్పడం మామూలే. దగ్గరైతే ముంజేయి, దూరమైతే వేళ్లు తగులుతాయి. కొత్తవాళ్లు ఆ దారిలో పిడికిలి అడుగుతో, అంటే తెట్సుయితో, కొట్టడం నేర్చుకోవడం మంచిది. గురి అటూ ఇటూ అయినా చేయి బతుకుతుంది.

మోచేతి దగ్గరికి వద్దాం. వ్యాసార్ధం తక్కువ కాబట్టి వేగం తక్కువ, కానీ మధ్యలో మణికట్టు అనే బలహీనమైన కీలు లేదు, ఒంటి బరువు నేరుగా వెనక ఉంటుంది. ముందుకి అడ్డంగా వేసేటప్పుడు మోచేతి కొస నుంచి ముంజేతివైపు రెండు వేళ్ల దూరంలో తగలాలి. వెనక్కి పొడిచేటప్పుడు కొసకి పైన, పై చేతివైపు. మోచేతి లోపలి పక్కన నరం ఒకటి ఎముకని ఆనుకునే వెళ్తుంది. అది తగిలితే చిటికెన వేలిదాకా కరెంటు కొట్టినట్టుంటుంది, దారిలో అరచేయి తెరుచుకుందని దానర్థం. అరచేయి ఛాతీవైపు చూస్తూ ఉంటే అది జరగదు. దారి ఎంత ముఖ్యమో చెప్పడానికి ఎంఎంఏ (మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్) రూల్స్ ఒక వింత ఉదాహరణ: మోచేతి దెబ్బలు అనుమతే, కానీ పైనుంచి నిట్టనిలువుగా కిందికి దిగే దారి ఒక్కటీ ఏళ్ల తరబడి నిషేధం. 2024లో ఆ నిషేధం ఎత్తేశారు.

నాలుగో మెట్టు: తన్నులు

నేరుగా ముందుకి వేసే తన్ను, మే గెరి, ముందుగా. వేళ్లు పైకి లాగి, వాటి కింది మెత్తటి దిండుతో తగలాలి. చెప్పులేసుకుని మునివేళ్ల మీద నిలబడి చూసుకోండి, నేలకి ఆనింది అదే. దీనికి రెండు దారులు: కింది నుంచి పైకి విసరడం, మోకాలు ఎత్తి నేరుగా తోయడం. పొట్టని తోయాల్సిన చోట పైకి విసిరితే పాదం ఛాతీ మీద జారి వేళ్లు ఇరుక్కుంటాయి. తోసే తన్నులో మోకాలు లక్ష్యం ఎత్తుకి ముందే లేవాలి. మోకాలు నడుం దగ్గరే ఆగిపోయి పాదం ఛాతీకి వెళ్తోందంటే మీరు తోస్తున్నాననుకుంటూ విసురుతున్నారు. పైకి విసిరే దారి తప్పని కాదు. గజ్జల్లోకి మీగాలుతో (పాదం పైభాగంతో), గడ్డం కిందకి వేళ్ల దిండుతో కొట్టాల్సినప్పుడు అదే కావాలి.

మావాషి గెరి దగ్గర కాస్త ఎక్కువసేపు ఉందాం. ఒకే పేరు కింద ఇందులో మూడు వేర్వేరు దెబ్బలున్నాయి.

వేళ్ల దిండుతో కొట్టేది పాతది, కష్టమైనది. చీలమండ చాచి, వేళ్లు మాత్రం వెనక్కి లాగాలి. రెండు ఎదురెదురు పనులు కావడంతో చాలామందికి నెలలు పడుతుంది. వేళ్లు లాగడం మరిస్తే బొటనవేలు విరుగుతుంది. కుదిరితే మాత్రం పక్కటెముకల మధ్య చిన్నచోట దిగుతుంది.

మీగాలుతో కొట్టేది పోటీల్లో కనిపించేది. వేగం ఎక్కువ, దూరం ఎక్కువ, చీలమండ బాగా చాచి ఉంచాలి. మీగాలులో ఎముకలు సన్నవి, వాటి మీద కండ లేదు. ప్రత్యర్థి మోచేయి దించి కాచుకుంటే పాదమే దెబ్బతింటుంది. స్పారింగ్‌లో, అంటే జోడీతో చేసే పోరు సాధనలో, పాదాలు వాచడానికి మొదటి కారణం ఇదే. పక్కటెముకల ఎత్తులో, మోచేయి ఉండేచోట, మీగాలు వాడకపోవడం మంచిది.

ముంగాలితో, అంటే మోకాలికీ చీలమండకీ మధ్య ముందున్న ఎముకతో కొట్టేది థాయ్‌లాండ్ ముయే థాయ్, కరాటేలోని క్యోకుషిన్ పద్ధతి. క్లాసుల్లో షిన్ అంటాం. తగలాల్సింది షిన్ మధ్యభాగం, కింది మూడో వంతు కాదు. దారి కూడా వేరు: మోకాలి నుంచి విసరడం కాదు, కాలంతా గొడ్డలి కామలా ఒక్కటిగా తిరగాలి, తుంటి తిరగబడాలి. నిలబడ్డ కాలి మడమ తగిలే క్షణానికి ప్రత్యర్థివైపు చూస్తూ ఉండాలి. మడమ తిరగకపోతే తుంటి ఆగిపోతుంది. అప్పుడు కాలు అడ్డంగా కాకుండా ఏటవాలుగా లేచి, షిన్ జారుతూ తగులుతుంది, మెలిక మొత్తం నిలబడ్డ మోకాలి మీద పడుతుంది.

షిన్ తన్నుకి ఒక చోటు మాత్రం ప్రమాదం: ప్రత్యర్థి కాలెత్తి కాచుకున్నప్పుడు ఎదురయ్యే మోకాలు, దాని కింది గట్టి ఎముక. మీ షిన్‌లో సన్నగా ఉండే కింది భాగం అతని షిన్‌లో లావుగా ఉండే పై భాగానికి తగులుతుంది. 2013 డిసెంబర్‌లో క్రిస్ వైడ్‌మన్‌తో ఎంఎంఏ పోటీలో ఆండర్సన్ సిల్వా కాలు విరిగింది ఇలాగే. 2021లో వైడ్‌మన్ కాలు కూడా తాను వేసిన లో కిక్‌ని (ప్రత్యర్థి కాలికి వేసే తన్ను) ఉరయ్యా హాల్ కాచుకున్నప్పుడే విరిగింది. అందుకే లో కిక్‌ని ఒంటరిగా వేయొద్దంటారు. ముందు చేతులతో రెండు గుద్దులు వేసి, బరువు అతని ముందు కాలి మీద పడేలా చేసి, అప్పుడు తొడకి వేయాలి. బరువు పడ్డ కాలు లేవదు.

పక్కకి వేసే యోకో గెరిలో పాదం బయటి అంచు అంటారు గానీ, నిజానికి మడమ దగ్గరి మూడో వంతే. చిటికెన వేలివైపు తగిలితే చీలమండ మెలిపడుతుంది. మడమ వేళ్లకంటే కాస్త పైన ఉండాలి. తోసే దారిలో మడమ మోకాలి నుంచి నేరుగా బయల్దేరాలి. మోకాలు సరిగ్గా ఎత్తకుండా పాదాన్ని కింది నుంచి ఊపితే అది సగం యోకో, సగం మావాషి అయిపోయి ఏదీ కాకుండా పోతుంది. వెనక్కి వేసే ఉషిరో గెరిలోనూ మడమే. తిరిగేటప్పుడు మోకాళ్లు రెండూ రాసుకుంటూ వెళ్తే దారి నేరుగా ఉంటుంది, విడిపోతే వంపు తిరుగుతుంది. పైనుంచి దిగే గొడ్డలి తన్ను గురించి ఇంతే: కాలు పైకి వెళ్లేటప్పుడు ఎంత వేగమైనా ఫర్వాలేదు, దిగేటప్పుడు మోకాలు కొద్దిగా వంచి ఉంచండి.

ఐదో మెట్టు: తగిలింది ఏదో కళ్లతో చూడండి

చేతికి ఏం తగిలిందో మనకి తెలుసనుకుంటాం, తెలియదు. ఇంట్లో ఉన్నవాటితోనే పరీక్షలు చేసుకోవచ్చు.

సుద్దపొడి పరీక్ష: బ్లాక్‌బోర్డ్ సుద్దని పొడిచేసి కణుపులకి రాసుకుని ముదురు రంగు బ్యాగ్ మీద మెల్లగా పది గుద్దులు వేయండి. రెండు గుండ్రటి మచ్చలు పక్కపక్కన పడితే సరే. నాలుగు మచ్చలు పడితే దెబ్బ చిటికెన వేలివైపుకి వాలుతోంది. మచ్చకి తోకలాంటి గీత వస్తే దెబ్బ జారుతోంది. తోక ఎటుందో దారి అటు తప్పింది. తన్నులకి మీగాలు మీదో షిన్ మీదో రాసుకుని ఇలాగే చూడండి.

దారం పరీక్ష: పైనుంచి రెండు దారాలు పిడికిలి వెడల్పుకి రెండంగుళాలు అదనంగా దూరముంచి వేలాడదీయండి. నేరు గుద్దు వాటి మధ్య నుంచి వెళ్లి తాకకుండా వెనక్కి రావాలి. వెళ్లేటప్పుడు తాకనివి వచ్చేటప్పుడు తాకితే మీ చేయి కిందికి వాలి వెనక్కి వస్తోంది, స్పారింగ్‌లో దవడకి కాపు లేనట్టే.

ఫోన్ వీడియో: మామూలు వీడియో సెకనుకి 30 ఫ్రేములు. సెకనుకి 8 మీటర్ల వేగంతో వెళ్లే పిడికిలి ఒక్కో ఫ్రేముకీ సుమారు 27 సెంటీమీటర్లు దాటేస్తుంది. అంటే మనకి కావలసిన చివరి జానెడు ఫ్రేముల మధ్య మాయమైపోతుంది. స్లో మోషన్‌లో 240 ఫ్రేములు పెడితే ఒక్కో ఫ్రేముకీ మూడు సెంటీమీటర్ల పైచిలుకు, తగిలే ముందు ఐదారు ఫ్రేములు దొరుకుతాయి. నేరు గుద్దుని పక్కనుంచి, హుక్‌ని కుర్చీ మీద నిలబడ్డవాళ్ల చేత పైనుంచి తీయించుకోండి.

బ్యాగ్, మోతాదు

బ్యాగ్ బరువు మీ బరువులో సగం ఉంటే మొదలుపెట్టడానికి చాలు. 60 కిలోలవాళ్లకి 30 కిలోలది. మన దగ్గర కుట్టించుకునే బ్యాగుల్లో చాలామంది ఇసుక పోయిస్తారు. నెల తిరిగేసరికి ఇసుకంతా అడుక్కి దిగి రాయిలా గడ్డకడుతుంది, లో కిక్ వేసే ఎత్తు సరిగ్గా అదే. పాత బట్టల ముక్కలు నింపించుకోండి. బరువు కావాలంటే చిన్న ఇసుక సంచుల్ని బ్యాగ్ మధ్యలో బట్టల నడుమ పెట్టించండి.

మొదటి రెండు వారాలు గోడ పరీక్ష, గాలిలో నెమ్మది గుద్దులు మాత్రమే. తర్వాత రెండు వారాలు మిట్స్ (జోడీ చేతులకి తొడుక్కునే ప్యాడ్‌లు) మీద మూడో వంతు బలంతో, ఒక్కో దెబ్బకి 20 చొప్పున మూడు సెట్లు. ఆ తర్వాతే బ్యాగ్, సగం బలంతో. చేతికి నాలుగున్నర మీటర్ల ర్యాప్ (బట్ట పట్టీ) చుట్టుకోండి, మణికట్టుకి కనీసం మూడు చుట్లు. వారానికోసారి సుద్దపొడి పరీక్ష మళ్లీ చేయండి. మచ్చ మారితే బలం తగ్గించండి, సంఖ్య కాదు.

షిన్ గట్టిపడాలని సీసాలు దొర్లించడం, కర్రతో కొట్టుకోవడం మానేయండి. ఎముక మెల్లగా పెరిగే ఒత్తిడికి నెలల మీద గట్టిపడుతుంది, మెత్తటి బ్యాగ్ మీద వేల తన్నులు చేసే పని అదే. వార్షికోత్సవాల్లో పిల్లల చేత పెంకులు పగలగొట్టించడం చప్పట్లకి బాగుంటుంది గానీ, ఎముకల చివర ఎదిగే భాగాలు టీనేజీ చివరిదాకా పూర్తిగా గట్టిపడవు. ఆ వయసులో మెత్తటి ప్యాడ్‌లకే పరిమితం చేయండి.

మీ ఆట రూల్ చూసుకోండి

ఏ భాగం ముందు నేర్చుకోవాలన్నది ఆటని బట్టి ఉంటుంది. బాక్సింగ్‌లో మూసిన గ్లవ్ కణుపుల భాగంతో తగిలితేనే లెక్క. గ్లవ్ లోపలి పక్క, వెనక పక్క ఫౌల్, కాబట్టి సాగదీసిన హుక్ చేతికే కాదు స్కోరుకీ చేటు. టైక్వాండోలో చీలమండ ఎముక కింది పాదంతోనే తన్నాలి, షిన్ కుదరదు. అక్కడ చేత్తో కొట్టేది మొండేనికి నేరు పిడికిలి గుద్దు మాత్రమే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఎలక్ట్రానిక్ ఛాతీ కవచాలు వచ్చాక అక్కడి తన్నుల తీరే మారింది: గట్టిగా కొట్టడం కంటే సెన్సరున్న సాక్సు కవచాన్ని తాకేలా పాదం వంచడం ఒక విద్య అయింది. డబ్ల్యూకేఎఫ్ (ప్రపంచ కరాటే సమాఖ్య) కరాటేలో గుద్దుకి 1, మొండేనికి తన్నుకి 2, తలకి తన్నుకి 3 పాయింట్లు. తలకి అదుపుతో వేయాలి కాబట్టి మీగాలు, కొరడాలా వెనక్కి లాగే దారి సహజంగా కుదురుతాయి. క్యోకుషిన్‌లో చేత్తో ముఖానికి కొట్టరు, అందుకే ఛాతీ గుద్దులు, తొడ తన్నులు ఎక్కువ.

నొప్పి వస్తే

కణుపుల మీద చర్మం ఎర్రబడితే ఒక రోజు విరామం చాలు. కణుపు వెనకాల ఎముక మీద నొక్కితే ఒకే చోట పొడిచినట్టు నొప్పి, లేదా పిడికిలి బిగించినప్పుడు ఒక వేలు పక్క వేలి మీదకి వాలడం కనిపిస్తే అది ఎక్స్‌రే తీయించాల్సిన సంగతి. ఇంకో చోటు తేలిగ్గా తప్పిపోతుంది: బొటనవేలు పైకి చాచినప్పుడు దాని మొదట్లో, మణికట్టు దగ్గర పడే గుంట. అక్కడ నొక్కితే నొప్పి ఉంటే లోపలి చిన్న ఎముక చిట్లి ఉండొచ్చు, మొదటి రోజు ఎక్స్‌రేలో అది కనిపించకపోవచ్చు. అలాంటప్పుడు పట్టీ వేసి 10 నుంచి 14 రోజులకి మళ్లీ తీయిస్తారు. మొదటి ఎక్స్‌రేలో ఏమీ లేదని చెప్పారని పట్టీ విప్పేసి బ్యాగ్ దగ్గరికి వెళ్లకండి.